తెరమీద పడని పేరు

నిన్న నువ్వు ఫోన్లో పాస్‌వర్డు మూడుసార్లు తప్పు కొట్టి విసుక్కున్నావు కదా పాపా, అప్పటినుంచి నాకు ఒక అమ్మాయి కళ్ళముందు కూర్చుని ఉంది. చాలా ఏళ్ళనాటి మాట. రాసుకో, చెబుతాను. పేర్లు మాత్రం ఎవరివీ చెప్పను. ఎందుకు చెప్పనో వింటూ ఉంటే నీకే తెలుస్తుంది.

తమిళనాట మన ధర్మపురిలో మామిడి గుజ్జు టిన్నుల్లో నింపి ఓడల మీద పంపే కంపెనీలో నేను పనిచేశానని నీకు తెలుసు. టైపు హయ్యరు ప్యాసైనదాన్ని కాబట్టి ఆఫీసులో తీసుకున్నారు. ఎనభైల చివర్లో అక్కడికి కంప్యూటరు వచ్చింది. ఇప్పటిలా ఒళ్ళో పెట్టుకునేది కాదు. బీరువా అంత పెట్టె ఒకటి, దానికోసం అద్దాల గది, ఆ గదికి ఏసీ. ఆ పెట్టెనుంచి వైర్లు వెళ్ళి ఆఫీసులో ఆరు బల్లల మీద ఆరు తెరలు. తెరలకు సొంత బుర్ర లేదు. అన్నీ ఆ పెట్టెనే అడగాలి.

దుమ్ము పడుతుందని అద్దాల గదిలోకి చెప్పులు విడిచి వెళ్ళేవాళ్ళం. స్టోర్సులో ఒక పెద్దాయన ఉండేవాడు, తుంబలహళ్లి మనిషి, ఇంట్లో మన తెలుగే. ఆయన ఆ గదిని గర్భగుడి అనేవాడు. నన్ను పూజారమ్మా అనేవాడు, ఎందుకంటే మద్రాసు పంపి రెండు వారాలు నేర్పించి, ఆ పెట్టె బాధ్యత నాకే అప్పజెప్పారు. ఎవరెవరు మెషీన్లోకి వెళ్ళవచ్చో ఆ పట్టీ నా చేతిలో ఉండేది.

పొద్దున వచ్చి కూర్చోగానే తెరమీద లాగిన్ అన్న మాట పచ్చటి ఇంగ్లీషు అక్షరాల్లో వెలుగుతూ ఉంటుంది. అక్కడ నీ సెక్షన్ పేరు కొట్టాలి. అది కనబడుతుంది. తరువాత పాస్‌వర్డు అని అడుగుతుంది. అది కొట్టేటప్పుడు తెరమీద ఏమీ పడదు. ఇప్పుడు నీ ఫోన్లో చుక్కలైనా పడతాయి, అప్పుడు అదీ లేదు. వేళ్ళు కదులుతాయి, తెర మాత్రం ఖాళీగానే ఉంటుంది. సరిగ్గా ఉంటే లోపలికి పోనిస్తుంది, లేకపోతే తప్పు అని చెప్పి మళ్ళీ మొదటికి తెస్తుంది. ఎవరి పాస్‌వర్డూ నాకు కూడా కనబడదు. మరిచిపోతే కొత్తది పెట్టించగలను, అంతవరకే నా చేతనయ్యేది.

స్టోర్సు పెద్దాయన పాస్‌వర్డు మాత్రం ఆఫీసంతటికీ తెలుసు. ఆయన ఎద్దు పేరు. ఒక్కో మీటా వెతుక్కుంటూ, అక్షరం అక్షరం పైకి చదువుతూ కొట్టేవాడు.

"అన్నా, అది రహస్యంగా పెట్టుకోవల్ల కదా" అన్నాను ఒకసారి.

"నా ఎద్దు పేరు తెలుసుకుని ఎవరేం చేస్తారమ్మా. నేను తప్ప ఇంకొకరు పిలిస్తే పొడుస్తాది అది" అన్నాడు.

ఇక ఆ అమ్మాయి సంగతి. ఆమె భర్త మా డిస్పాచ్ సెక్షన్లో ఉండేవాడు. లారీల్లో ఏ టిన్నులు ఎక్కాయో రాసి గేట్ పాస్ ఇచ్చే పని. నెమ్మదైన మనిషి. కంప్యూటరు వచ్చిన యేడే ఎండాకాలంలో కామెర్లు వచ్చి, ఆకుమందు అనీ ఆసుపత్రి అనీ తిరిగి, ఇరవై రోజుల్లో పోయినాడు. హొగేనక్కల్ దగ్గర కావేరిలో అస్థికలు కలిపి వచ్చిన వారానికి ఆ అమ్మాయి, మూడేళ్ళ కూతుర్ని చంకనెత్తుకుని, మామగారితో కంపెనీకి వచ్చింది. వాళ్ళది వెల్లిచందై. పన్నెండో తరగతి చదివింది, టైపు లోయరు ప్యాసైంది. భర్త ఉద్యోగం తనకిమ్మని అడగడానికి వచ్చింది.

ఆ ఉద్యోగాన్ని ఆమె మరిది కూడా అడిగాడు. మగవాడు ఉండగా ఆడపిల్ల ఎందుకు బయటికి రావాలి, వాళ్ళిద్దరినీ నేనే చూసుకుంటాను అని అర్జీ పెట్టాడు. మా మేనేజరు తమిళాయన, చెడ్డవాడు కాదు, కానీ ఎటూ తేల్చుకోలేని మనిషి. ఆరు నెలలు తాత్కాలికంగా ఆమెకే ఇచ్చాడు. పని వస్తే ఖాయం చేస్తాం, రాకపోతే మరిదికిస్తాం అన్నాడు. చూసుకోవడం అంటే ఏమిటో ఆమెకు తెలుసు. ఆ ఇంట్లో అన్నం పెట్టే చెయ్యి ఎవరిదో వాళ్ళ మాటే ఆమె మాట అవుతుంది, ఆమె కూతురి మాట కూడా. ఆ ఆరు నెలలూ ఆమెకు ఎంత బరువో నాతో ఎప్పుడూ అనలేదు. రోజూ బస్సు దిగి అందరికంటే ముందు వచ్చి కూర్చునేది. అంతే.

భర్త బల్లే ఆమెకిచ్చారు. మొదటి రోజు నేనే పక్కన కూర్చుని నేర్పించాను. పాస్‌వర్డు దగ్గరికి వచ్చినప్పుడు, ఇది బాగా రాసుకో పాపా, నేను చెప్పిన మాట ఇది. "ఎవరికీ, ఎప్పటికీ నోరు తెరిచి చెప్పని మాట ఏదన్నా పెట్టుకోమ్మా. నాకు కూడా చెప్పొద్దు."

ఆమె కొంచెంసేపు మీటల వంక చూస్తూ కూర్చుంది. తరువాత కొట్టింది. సరిచూడటానికి మెషీన్ రెండోసారి అడిగితే మళ్ళీ కొట్టింది.

"మరిచిపోవు కదా?"

"మరిచిపోయేది కాదక్కా" అంది.

అప్పటినుంచి ప్రతి పొద్దునా చూసేదాన్ని. పాస్‌వర్డు అడిగే చోటికి రాగానే ఆమె పైట భుజం చుట్టూ సర్దుకుని, నిటారుగా కూర్చుని, ఒక్కో మీటా నెమ్మదిగా నొక్కేది. చేతికి ఇంకా అలవాటు కాలేదనుకున్నాను. గేట్ పాసులు మాత్రం వేగంగా కొట్టేది. ఆ వేగానికీ ఈ నెమ్మదికీ పొంతన లేదని నాకు అప్పుడు తట్టలేదు.

ఆయుధపూజ వచ్చింది. మన కంపెనీల్లో ఆ పూజ ఎట్లా చేస్తారో నీకు తెలుసు. టిన్నులు మూసే యంత్రాలకు, బాయిలరుకు, తూనిక కాటాకు, లారీలకు, చివరికి స్టోర్సు పెద్దాయన సైకిలుకు కూడా గంధం, కుంకుమ, చేమంతి దండ. బొరుగులూ శనగలూ పంచుతారు. మేనేజరు గేటు దగ్గర గుమ్మడికాయ కొడతాడు. కంప్యూటరు వచ్చాక అది మొదటి ఆయుధపూజ. అంత విలువైన మెషీన్‌కు చెయ్యకపోతే ఎట్లా అని నేనే గంధం గిన్నె పట్టుకుని అద్దాల గదికి, ఆరు బల్లలకూ తిరిగాను.

ఎవరి మెషీన్‌కు వాళ్ళే కుంకుమ పెట్టుకున్నారు. ఆ అమ్మాయి మాత్రం తలుపు దగ్గర నిలబడింది. భర్త పోయి ఏడాది కాలేదు. పిలిచినా రాదు, ఎవరూ పిలవలేదు కూడా.

"నీ దానికి నేను పెడతాలేమ్మా" అన్నాను.

"పెట్టండక్కా" అంది, అక్కడినుంచి కదలకుండా.

మిగతా కీబోర్డులకు అంచు మీద ఒక చుక్క పెట్టి వదిలేశాను. ఆమెదానికి మాత్రం, పాపం దీనికి చేసేవాళ్ళు లేరు కదా అని, గంధం గిన్నెలో మూడు వేళ్ళు ముంచి మీటల మీదుగా మూడు గీతలు గీశాను. మీద కుంకుమ. మీద ఒక చేమంతి. చాలా బాగుందని నేనే అనుకున్నాను. పూజ చేసిన పనిముట్టును మరునాడు కూడా ముట్టుకోం. మూడోనాడు వచ్చి ఎవరిది వాళ్ళు తడిగుడ్డతో తుడుచుకుని పనిలో కూర్చున్నాం.

ఆ పొద్దున ఆమె లాగిన్ పడలేదు.

సెక్షన్ పేరు కొట్టింది, పాస్‌వర్డు కొట్టింది, తప్పు అంది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ తప్పు. నేను వెళ్ళేసరికి ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని తెరవంక చూస్తోంది.

"మరిచిపోయినావేమో. రెండు దినాలు సెలవు కదా" అన్నాను.

"లేదక్కా. అదే కొట్టినాను."

సరేనని అద్దాల గదిలోకి తీసుకుపోయి, పాతది తీసేసి, నా మెషీన్ దగ్గర కొత్తగా పెట్టుకోమన్నాను. ఆమె నెమ్మదిగా రెండుసార్లు కొట్టింది. తీసుకుంది. అక్కడే లాగిన్ చేసి చూడమన్నాను. పడింది. ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం. తిరిగి తన బల్లకు పోయి కొట్టింది. తప్పు.

అప్పటికి గేటు దగ్గర మూడు లారీలు నిలబడి ఉన్నాయి. ఒక డ్రైవరు కిటికీలోంచి తొంగిచూసి, "ఏమక్కా, మీ పెట్టె తలుపు తీయదంటనా? మేం పోయి టీ తాగి, తిరుపతి కూడా చూసి వస్తాం" అన్నాడు.

స్టోర్సు పెద్దాయనను పిలిచాను. ఆమె కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన సెక్షన్ పేరుతో లాగిన్ చెయ్యమన్నాను. ఆయన ఎద్దును అక్షరం అక్షరం పిలిచాడు. మెషీన్ వెంటనే తలుపు తీసింది. ఆయన లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"మెషీన్ బాగుండాది. వైరు బాగుండాది" అని, నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "పూజారమ్మా, ఒక మాట. అది వాడు కూర్చున్న సీటు. వాడికి ఇష్టం లేదేమో."

"సుమ్మనే ఊరికే ఏమన్నా చెప్పొద్దన్నా."

"నేను చెప్తే ఏమి, చెప్పకపోతే ఏమి. అక్కడ పడ్తాది, ఇక్కడ పడదు. నాకు పడ్తాది, దానికి పడదు. నువ్వే చెప్పు మరి."

ఆ రోజు గేట్ పాసులు చేత్తో రాసి పంపాం. సాయంత్రానికి ఆ మాట ఆఫీసంతా తిరిగింది. ఆమె చెవిన కూడా పడిందని ఆమె ముఖం చూస్తే తెలిసింది.

మేనేజరు ఆ సాయంత్రమే బెంగళూరుకు ఫోన్ చేయించి, మరునాడు పొద్దున్నే ఇంజినీరును రప్పించాడు. కుర్రాడే, కన్నడం కలిసిన మన భాష మాట్లాడాడు. పెట్టెలోంచి తప్పు లాగిన్‌ల చిట్టా కాగితం మీద అచ్చు తీశాడు. పొడుగునా ఆమె సెక్షన్ పేరే. ఆమె బల్ల వైరు పీకి మళ్ళీ పెట్టాడు. తన పేరుతో లాగిన్ చేసి చూశాడు, పడింది. ఆమె దగ్గరికి వచ్చాడు.

"మేడం, మీ పాస్‌వర్డు చెప్పండి. నేను కొట్టి చూస్తాను."

ఆమె తల వంచుకుంది.

"చెప్తే తప్పేమీ లేదు మేడం. చూసినాక మార్చేద్దాం."

"చెప్పలేను సార్."

"సరే, నోటితో వద్దు. ఈ కాగితం మీద రాసి ఇవ్వండి. నేను చూసి చింపేస్తాను."

ఆమె ఆ కాగితం ముట్టుకోలేదు. ఇంజినీరు నవ్వడానికి ప్రయత్నించాడు. మేనేజరు నవ్వలేదు. ఆయన తమిళంలోనే అన్నాడు, నేను మన మాటల్లో చెబుతున్నాను. "ఏమ్మా, ఎవరినైనా తిట్టినావా దాంట్లో? నన్నే తిట్టినా పరవాలేదు, చెప్పు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె కంటినుంచి నీళ్ళు రాలేదు. వస్తే బాగుండేది అనిపించింది నాకు.

ఇంజినీరు మధ్యాహ్నం బస్సుకు వెళ్ళాలి. వెళ్ళేముందు మేనేజరుతో నా ఎదుటే చెప్పాడు, మెషీన్‌లో లోపం లేదు, ఆమె అక్కడ కూర్చున్నప్పుడు తప్పు కొడుతోంది, మనసు సరిగా లేదేమో అని. మేనేజరు ఆమె ఫైలు తెప్పించుకున్నాడు. ఆరు నెలలు ఆ వారంతో నిండుతాయి. "రేపు సాయంత్రం దాకా చూస్తానమ్మా. ఆ తరువాత మరిదికి కబురు పెడతాను. నన్ను తప్పు పట్టవద్దు" అన్నాడు నాతో. ఆమెకు చెప్పే పని కూడా నాకే వదిలేశాడు.

అన్నాల వేళ ఆమె క్యారియరు తెరవలేదు. గోడౌను వెనుక మెట్ల మీద కూర్చుంది. నేను వెళ్ళి పక్కన కూర్చుని, మేనేజరు చెప్పింది చెప్పాను. ఆమె విని అంది.

"వద్దులేక్కా. మా మరిదికే ఇచ్చేయమనండి. నేను చేసింది తప్పు. అందుకే ఆయన ఒప్పుకోలేదు."

"ఏమి తప్పు చేసినావు? ఎవరు ఒప్పుకోలేదు?"

"మీరే కదక్కా, ఎప్పటికీ నోరు తెరిచి చెప్పని మాట పెట్టుకోమన్నారు."

అప్పటికి కూడా నాకు అర్థం కాలేదు పాపా. నేను ఆమె ముఖంలోకి చూస్తున్నాను, ఆమె తన మెడ తడుముకుంది, తాళి లేని మెడ. అప్పుడు తెలిసింది. మనలో పెండ్లయినాక భర్త పేరు నోటితో అనం. మీ తాత పేరు నా నోటివెంట నువ్వు ఎప్పుడన్నా విన్నావా? రేషను కార్డు రాసేవాడు అడిగినా పక్కింటామెను చెప్పమనేదాన్ని. భర్త పోయినా ఆ పేరు అనరు. కాగితం మీద రాయడమూ అంతే.

"మెషీన్‌లో ఏమీ పడదు కదక్కా" అంది ఆమె. "నేను పలకలేదు, రాయలేదు. వేళ్ళు నొక్కినాయి, అంతే. ఎవరికీ కనపడలేదు, నాకు కూడా కనపడలేదు. దినమూ ఒక్కసారి. ఇంట్లో ఆయన మాటే ఎవరూ ఎత్తరు. పాప అడిగితే కూడా వేరే మాట చెప్తారు. ఇక్కడ ఒక్కసారి పిలుచుకుని పనిలో కూర్చుంటే నాకు నిమ్మళంగా ఉండేది. ఇప్పుడు మీ గదిలో పిలిస్తే పలుకుతాడు, తన సీట్లో కూర్చుని పిలిస్తే పలకడు. వద్దంటాండాడు. ఇంకేముండాది."

అంతమంది ముందు ఆమె ఎందుకు నోరు తెరవలేదో, ఆ పైట ఎందుకు సర్దుకునేదో అన్నీ నాకు ఒక్కసారిగా అర్థమయ్యాయి. దానితోపాటు ఇంకొక సంగతి మనసులో మెదిలింది. ఆ పేరు నాకు తెలుసు. ఆయన మాతో ఏడేళ్ళు పనిచేశాడు. ఆమె అనకూడదు గానీ, నేను అనవచ్చు. నాకు తమ్ముడి వరస.

"లేమ్మా. నువ్వు చెప్పొద్దు, రాయొద్దు. నేను కొట్టి చూస్తాను. నీకు సమ్మతమేనా?"

ఆమె తల ఊపింది.

ఆఫీసులో అందరూ అన్నాలకు పోయారు. ఆమె కుర్చీలో నేను కూర్చున్నాను, ఆమె నా వెనుక నిలబడింది. సెక్షన్ పేరు కొట్టి, ఆ పేరు కొట్టాను. తప్పు అంది. నా చేతులు వణకడం లేదు, నాకు మనసు సరిగానే ఉంది, నేను ఆయన భార్యను కాను. అయినా తప్పు. అంటే ఆ సీటు ఆమెను ఒక్కదాన్నే కాదనడం లేదు. ఆ పేరును కాదంటోంది.

అప్పుడు తట్టింది. పాస్‌వర్డు అడిగే చోట కొడితే కనబడదు. లాగిన్ అడిగే చోట కొడితే కనబడుతుంది కదా. సెక్షన్ పేరు కొట్టాల్సిన చోట ఆయన పేరు కొట్టాను, నెమ్మదిగా, ఆమె కొట్టినట్లే.

పచ్చటి అక్షరాల్లో ఆ పేరు తెరమీద పడింది. మధ్యలో ఒక అక్షరం లేదు.

మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే అక్షరం లేదు. కుడిచేతి ఉంగరం వేలి కింద మీట. నొక్కితే కిందికి పోతోంది, పైకి వస్తోంది, కానీ తెరమీద ఏమీ పడడం లేదు. స్టోర్సు పెద్దాయన ఎద్దు పేరులో ఆ అక్షరం లేదు. ఇంజినీరు పాస్‌వర్డులోనూ ఉండి ఉండదు. సెక్షన్ పేరులో లేదు. లోపలికి పోతే గదా మిగతా పనిలో బయటపడేది, ఆమె ఒక్కదానికే లోపలికి పోయే దారి లేదు.

తలలోంచి పిన్ను తీసి ఆ మీట చివర పెట్టి ఎత్తాను. టక్కున ఊడి వచ్చింది. కింద, మీట వెళ్ళి తగలవలసిన చోట, ఎండిపోయి పసుపుపచ్చగా పెచ్చు కట్టిన గంధం.

నేను పెట్టిన గంధం. ఎవరికీ పెట్టనంత, జాలిపడి, మూడు వేళ్ళతో పెట్టిన గంధం. మీద తుడిచాం గానీ సందుల్లోంచి కిందికి జారినదాన్ని ఎవరు చూస్తారు.

వెనక్కి తిరిగి చెబుదామని చూస్తే ఆమె నన్ను చూడటం లేదు. గంధాన్నీ చూడటం లేదు. తెరను చూస్తోంది. అక్షరం తక్కువైన ఆ పేరు అక్కడే వెలుగుతోంది. పెండ్లయినప్పటినుంచి దాన్ని ఆమె పలకలేదు, తన చేత్తో రాయలేదు. దినమూ వేళ్ళతో నొక్కుతూ కూడా ఒక్కసారి చూడలేదు. ఆమె చెయ్యి తెర దాకా వచ్చి ఆగిపోయింది.

"ఇదంతా నేను చేసిందమ్మా" అన్నాను. "ఆయన ఎక్కడా వద్దనలేదు. నేను పూసిన గంధం అడ్డం పడింది."

"ఆ ఒక్క అక్షరమేనా అక్కా?"

"ఆ ఒక్కటే."

పిన్నుతో గీకి, దూదితో తుడిచి, నోటితో ఊది, మీటను తిరిగి పెట్టాను. కుర్చీలోంచి లేచి ఆమెను కూర్చోమన్నాను. ఆమె పైట సర్దుకుంది. పాస్‌వర్డు చోట నెమ్మదిగా కొట్టింది. తెర ఒక్క క్షణం ఖాళీగా ఉండి, గేట్ పాసుల పట్టీ విచ్చుకుంది. అప్పుడు ఏడ్చింది ఆమె. చేతులు మీటల మీదినుంచి తీయకుండానే ఏడ్చింది. నేను అద్దాల గది తలుపు దగ్గరికి పోయి, ఎవరైనా వస్తారేమోనని చూస్తూ నిలబడ్డాను.

మేనేజరుకు ఎట్లా చెప్పాలన్నది మిగిలింది. మీటలో దుమ్ము పట్టింది సార్, తీసేశాను అంటే సరిపోయేది. ఎవరూ అడిగేవాళ్ళు కాదు. కానీ దుమ్ము ఎవరూ చేసిన తప్పు కాదు, కాబట్టి అంతమంది ముందు ఆమె తలవంచిన దానికి ఎవరూ జవాబు చెప్పుకోనక్కరలేదు. అది నాకు నచ్చలేదు. గీకిన గంధం పెచ్చు కాగితంలో పొట్లం కట్టి ఆయన బల్లమీద పెట్టి, జరిగింది చెప్పాను. ఆ మాట ఏమిటో మాత్రం చెప్పలేదు. ఆయనా అడగలేదు.

ఆయన పొట్లం విప్పి, వాసన చూశాడు. దైవభక్తి గల మనిషి. విసిరేయలేక, మళ్ళీ మడిచి సొరుగులో పెట్టాడు.

"నీకు మెమో ఇవ్వక తప్పదమ్మా" అన్నాడు.

"ఇవ్వండి సార్. ఆ అమ్మాయిని ఖాయం చేసే కాగితం కూడా ఈపొద్దే పంపండి."

నా సర్వీసులో మొదటి మెమో అది. ఎక్కడో దాచాను, వెతికితే దొరుకుతుంది. ఆమె ఉద్యోగం ఖాయమైన ఆర్డరు అదే వారంలో వచ్చింది. స్టోర్సు పెద్దాయన ఆమె బల్ల దగ్గరికి వచ్చి, "ఆ పొద్దు నేనేదో వాగినానమ్మా, మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు. తరువాత నాతో, "పూజారమ్మా, అభిషేకం ఎక్కువైతే దేవుడికి కూడా జలుబు చేస్తాదని ఇప్పుడు తెలిసింది" అన్నాడు. ఆమె నవ్వింది. ఆఫీసులో ఆమె నవ్వగా చూడటం అదే మొదటిసారి.

ఒక్కటి మాత్రం నన్ను ఇప్పటికీ కలత పెడుతుంది. పాస్‌వర్డు ఇంకొకరికి తెలిస్తే మార్చాలి, అది రూలు. ఆమెది నాకు తెలిసిపోయింది. రూలు పెట్టిందాన్ని నేనే. మరునాడు ఆమే అడిగింది.

"ఇంక మార్చల్ల కదక్కా?"

"మార్చల్లమ్మా."

కొత్తది అడిగే చోట ఆమె చాలాసేపు కూర్చుంది. ఏమి పెట్టుకోమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఒకసారి చెప్పి చూశాను కదా. నేను ముఖం అటు తిప్పుకున్నాను. మీటల చప్పుడు వినబడింది. ఎన్ని అక్షరాలో లెక్కపెట్టకూడదని బయట లారీలవంక చూస్తూ ఉన్నాను.

మరుసటి యేడు ఆయుధపూజకు గంధం గిన్నె నేనే పట్టుకున్నాను, మీటల మీద ఎవరూ పెట్టొద్దని చెబుతూ తిరిగాను. ఆమె మళ్ళీ తలుపు దగ్గరే నిలబడింది. అప్పటికి ఏడాది దాటింది, కానీ తాళి లేనిదాని చెయ్యి పూజకు పనికిరాదన్న మాటకు ఏడాదితో పనిలేదు కదా. ఆమె బల్ల దగ్గర నేను ఆగాను. పెట్టబోయి, ఆగి, గిన్నె ఆమెవైపు చాచాను.

"నీ మెషీన్‌కి నువ్వే పెట్టమ్మా. నేను పెట్టి ఏమి చేసినానో చూసినావు కదా."

మేనేజరు చూశాడు, స్టోర్సు పెద్దాయన చూశాడు. పెద్దాయన పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చాడు.

ఆమె వచ్చి ఉంగరం వేలితో కొంచెం గంధం తీసుకుంది. మీటలు ముట్టుకోలేదు, అంచు కూడా ముట్టుకోలేదు. తెర అద్దం మీద, పాస్‌వర్డు అడిగే మాట వెలిగే చోటుకు పక్కన, ఏమీ పడని ఖాళీలో, చిన్న చుక్క పెట్టింది.

మూడోనాడు అందరూ తడిగుడ్డలతో తుడుచుకున్నారు. ఆమె తెరంతా తుడిచి, ఆ చుక్క చుట్టూ గుడ్డ తిప్పి దాన్ని మాత్రం వదిలేసింది. అది తనంతట తాను రాలిపోయేదాకా అక్కడే ఉంది.